శస్త్రచికిత్సకు శాస్త్ర గౌరవం తెచ్చిన అబుల్ ఖాసిం జహ్రావీ

కత్తిపీట మీద కూరగాయలు తరుగుతుండగా వేలు తెగిందనుకోండి. మన ఇళ్లలో అమ్మీ అయినా, దాదీ అయినా ముందుగా చేసే పని ఒక్కటే. తెగినచోట గట్టిగా అదిమి పట్టి చల్లటి నీళ్లు పోస్తారు. నెత్తురు ఆగిన తర్వాతే మందు, కట్టు. ఎవరూ నేర్పకుండానే చేతులకు తెలిసిన పనిలా కనిపించే ఈ చికిత్సను వెయ్యేళ్ల క్రితం ఒక మహావైద్యుడు తన గ్రంథంలో నియమంగా రాసిపెట్టారు. రక్తనాళం తెగి నెత్తురు చిమ్ముతున్న వేళ దగ్గరలో వైద్యుడు గానీ మందు గానీ లేకపోతే, చూపుడువేలును గాయం నోటి మీద ఉంచి రక్తం ఆగేవరకు బలంగా అదిమి ఉంచాలని, పైనుంచి బాగా చల్లని నీళ్లు పోస్తూ ఉండాలని ఆయన బోధించారు. ఆయనే అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్న్ అబ్బాస్ అజ్జహ్రావీ. ఐరోపావాసులు ఆయన పేరును తమ నోటికి అనువుగా మార్చుకుని అల్బుకాసిస్ అన్నారు.

జహ్రావీ స్పెయిన్ దేశస్థులు. అరబ్బులు ఆ దేశాన్ని అందులుస్ అని పిలిచేవారు. ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ 936 ప్రాంతంలో రాజధాని కుర్తుబాకు పడమర దిక్కున, కొండవాలులో మదీనతుజ్జహ్రా అనే రాజనగరం నిర్మాణాన్ని ప్రారంభించారు. దాదాపు ఆ సంవత్సరంలోనే జహ్రావీ పుట్టారని చరిత్రకారులు లెక్కకట్టారు. ఆ నగరం పేరే ఆయన పేరుకు తోడై నిలిచిపోయింది. మదీనా అన్సారుల సంతతికి చెందిన కుటుంబం కావడం వల్ల ఆయనను అన్సారీ అని కూడా అంటారు. పుస్తకప్రియుడిగా పేరుపొందిన ఖలీఫా రెండవ హకమ్ 961 నుండి 976 వరకు పాలించారు. విద్యకు, విద్వాంసులకు కుర్తుబాలో ఆదరణ వెల్లివిరిసిన కాలమది. అయినా శస్త్రచికిత్స విషయంలో మాత్రం జహ్రావీ మనసుకు శాంతి లేదు.

తన దేశంలో చేతితో చేసే వైద్యం దాదాపు అడుగంటిపోయిందని ఆయన బాధపడ్డారు. దాని ఆనవాళ్లు పాత పుస్తకాలలో మిగిలి ఉన్నా, వాటిని నకలు రాసేవారి తప్పుల వల్ల అర్థం చెడిపోయిందని ఆయన గుర్తించారు. ఈ దుస్థితికి కారణం కూడా చెప్పారు. ఈ విద్య సుదీర్ఘమైనది. కత్తి పట్టేవాడు అంతకుముందే శరీర నిర్మాణాన్ని చదవాలి. ఎముకలు, నరాలు, కండరాలు ఎన్ని, ఏవి ఎక్కడ కలుస్తాయి, కొట్టుకునే నాళం ఏది, కొట్టుకోని నాళం ఏది అన్నది తెలుసుకోవాలి. అది తెలియనివాడి చేతిలో కత్తి పడితే ప్రాణాలు పోవడం ఖాయమని ఆయన హెచ్చరించారు.

ఇది ఊరికే చేసిన హెచ్చరిక కాదు. తాను కళ్లారా చూసిన సంఘటనలను ఆయన గ్రంథారంభంలోనే ఒకదాని తర్వాత ఒకటి వివరించారు. ఒక స్త్రీకి మెడ మీద గడ్డ లేచింది. శాస్త్రం తెలియని వైద్యుడొకడు దాన్ని కోయబోయి మెడలోని ధమనులను తెగ్గోశాడు. ఆమె అతని కళ్లెదుటే నెత్తురు కారి మరణించింది. మరొక వైద్యుడు వయసు మళ్లిన వ్యక్తికి మూత్రాశయంలోని పెద్ద రాయిని తీయబోయి, రాయితో పాటు మూత్రాశయం ముక్కను కూడా లాగేశాడు. ఆ వృద్ధుడు సుమారు మూడు రోజుల్లో కన్నుమూశాడు. అంతకుముందు ఆ రోగిని చూడడానికి జహ్రావీనే పిలిచారు. రాయి పరిమాణం, మనిషి స్థితి చూసి, కోస్తే బతకడని గ్రహించి ఆయన కత్తి పట్టలేదు.

మూడో సంఘటన మన పల్లెవాసులు మరీ శ్రద్ధగా వినవలసినది. ఒక సేవకుడికి మడమ దగ్గర ఎముక విరిగింది, అక్కడే గాయం కూడా అయింది. పాలకుని కొలువులో జీతం తీసుకునే వైద్యుడు ఆ గాయం మీదుగానే బద్దలు పెట్టి, గాయానికి ఊపిరాడకుండా బిగించి కట్టాడు. విప్పవద్దని ఆజ్ఞాపించి కొన్ని రోజులు అలాగే వదిలేశాడు. కాలు, పాదం వాచిపోయి రోగి చావుకు దగ్గరయ్యాడు. అప్పుడు జహ్రావీకి కబురు వెళ్లింది. ఆయన వెంటనే కట్టు విప్పించారు. బాధ తగ్గింది గానీ కుళ్లు అప్పటికే అవయవాన్ని పట్టేసింది. ఆయన దాన్ని ఆపలేకపోయారు. ఆ సేవకుడు చనిపోయాడు. విరిగిన కాలికి, చేతికి బద్దలతో కట్టు కట్టించుకునే అలవాటు మన ప్రాంతాల్లో నేటికీ ఉంది. కట్టు కట్టాక వేళ్లు వాచినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి అంతకంతకూ పెరిగినా క్షణం ఆలస్యం చేయకుండా కట్టు వదులు చేయించి ఆసుపత్రికి వెళ్లాలన్న పాఠం ఆ అభాగ్యుని కథలో ఉంది.

సాధారణంగా వైద్యులు తమ విజయాలనే చెప్పుకుంటారు. జహ్రావీ అలా చేయలేదు. మరణాలను కూడా పుస్తకంలోకి ఎక్కించారు. ఎందుకు చనిపోయారో రాశారు. తన చేతిలో ఆగనిది ఆగలేదనే రాశారు. ఆయన గొప్పతనమంతా ఇక్కడే ఉందనిపిస్తుంది.

దాదాపు 50 ఏళ్ల వైద్యానుభవాన్ని రంగరించి ఆయన రచించిన గ్రంథమే కితాబుత్తస్రీఫ్. ఇది 1000 సంవత్సరం ప్రాంతంలో పూర్తయింది. ఇందులో 30 భాగాలున్నాయి. రోగాలు, మందులు, ఆహార నియమాలు అన్నీ చెప్పి, చిట్టచివరి భాగాన్ని శస్త్రచికిత్సకు కేటాయించారు. దాన్ని మళ్లీ మూడుగా విభజించారు. మొదటిది వాత పెట్టడం, రెండవది కోయడం, కుట్టడం, మూడవది ఎముకలు కట్టడం, కీళ్లు సరిచేయడం. సుమారు 200 పరికరాల బొమ్మలు గీసి చూపించారు. బొమ్మ ఉంటే దాన్ని చూసి కమ్మరి పరికరం చేయగలడు, చూసినవాడు దాన్ని వాడగలడు. కుట్లు వేయడానికి జంతువుల పేగు నుండి తీసిన సన్నని దారాన్ని ఉపయోగించవచ్చని రాశారు. రక్తాన్ని ఆపడానికి నాలుగు మార్గాలు చెప్పారు. వాత పెట్టడం, సగం తెగిన నాళాన్ని పూర్తిగా తెంచి కొసలు ముడుచుకుపోయేలా చేయడం, దారంతో గట్టిగా ముడివేయడం, రక్తం ఆపే మందు వేసి బిగించి కట్టడం.

ఈ విద్య ఒక్క ఆయనతోనే పుట్టలేదు. మన దేశంలో సుశ్రుతుని శస్త్రవిద్య అంతకంటే ఎన్నో శతాబ్దాల పూర్వానిది. ఏడవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఏజినా నివాసి పాల్ రచన నుండి జహ్రావీ ఎంతో స్వీకరించారు. అయితే చదివినదాన్ని చేతితో చేసి చూసి, తన అనుభవంతో తూచి రాయడం ఆయన సొంతం. శిష్యులను ఆయన తన బిడ్డలుగా సంబోధించారు. చికిత్సలు రెండు రకాలు, కొన్నింటిలో క్షేమం ఉంది, కొన్నింటిలో ప్రాణాపాయం ఉంది, ఆశ కంటే జాగ్రత్త బలంగా ఉండాలి అన్నది ఆయన వారికిచ్చిన హితబోధ సారాంశం.

అత్యవసర వేళల్లో ఆయన ఎలా వ్యవహరించేవారో చెప్పే సంఘటనలు కూడా గ్రంథంలో ఉన్నాయి. ఒక దాసీపిల్ల కత్తి తీసుకుని తన గొంతు కోసుకుంది. ఆయనను పిలిపించారు. వెళ్లేసరికి ఆమె జబహ్ చేసిన జంతువులా గురగురలాడుతోంది. ఆయన ముందుగా గాయాన్ని పరిశీలించారు. నెత్తురు కొద్దిగానే పోయింది, పెద్ద నాళాలేవీ తెగలేదు, శ్వాసనాళం తెగి గాలి గాయంలోంచి వస్తోంది. వెంటనే కుట్టి చికిత్స చేశారు. ఆమె కోలుకుంది. గొంతు కాస్త బొంగురుపోవడం తప్ప వేరే హాని జరగలేదు. శ్వాస ఆడనివారికి గొంతు దగ్గర కోసి దారి చేయవచ్చని పూర్వులు రాశారు గానీ, తన దేశంలో ఆ పని చేసినవారిని ఆయన చూడలేదు. ఈ పిల్ల కోలుకోవడాన్ని బట్టి అలా కోయడం వల్ల ప్రమాదం ఉండదని ఆయన నిర్ధారణకు వచ్చారు. ఒక ప్రాణాన్ని నిలిపిన అనుభవం పది ప్రాణాలకు దారి చూపాలన్నదే ఆయన తపన.

యుద్ధాల కాలం కాబట్టి బాణం దెబ్బలు ఎక్కువ. ఒక యూదుని కంటి దిగువన దిగిన బాణాన్ని, ఒక క్రైస్తవుని గొంతులో దిగిన బాణాన్ని తీసి ఇద్దరినీ బతికించిన సంగతి ఆయన రాశారు. గాయపడినవాడు ఎవరు, ఏ మతస్థుడు అన్న భేదం ఆయన చికిత్సలో కనిపించదు.

స్త్రీల వైద్యం గురించి కూడా ఆయన లోతుగా ఆలోచించారు. పరాయి పురుషునికి దేహాన్ని చూపించడానికి సిగ్గుపడే స్త్రీలకు మూత్రాశయంలో రాయి ఏర్పడితే ఏం చేయాలి? నేర్పున్న వైద్యురాలిని వెతకాలి. ఆమె దొరకకపోతే తెలివిగల మంత్రసానిని రప్పించి, వైద్యుడు పక్కనుండి చెబుతుంటే ఆమె చేతులతో చేయించాలి. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, కాళ్లు ముందుగా వచ్చినప్పుడు ఏం చేయాలో మంత్రసానులకు నేర్పడానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే రాశారు. సిగ్గు అనే మాట చాటున ఒక తల్లి ప్రాణం పోకూడదు, అలాగని ఆమె మర్యాదకూ భంగం కలగకూడదు. ఈ రెండింటినీ కాపాడే దారి చదువుకున్న స్త్రీ చేతుల్లోనే ఉందని ఆయన వెయ్యేళ్ల క్రితమే గ్రహించారు. ఆడపిల్లలను నర్సింగు, వైద్య విద్యలకు పంపడానికి నేటికీ వెనుకాడే తల్లిదండ్రులు ఈ విషయాన్ని ఆలోచించాలి.

రక్తానికి సంబంధించి ఆయన మరో వింత సంగతి నమోదు చేశారు. ఒక పల్లెలో మగవారికి పెద్ద గాయమైతే చాలు, నెత్తురు ఆగక చనిపోతారని, పిల్లవాడి చిగుళ్లను గట్టిగా రుద్దినా రక్తం కారి ప్రాణం పోయిందని అక్కడివారు ఆయనకు చెప్పారు. విన్నదాన్ని కొట్టిపారేయకుండా రాసిపెట్టారు. నేడు హిమోఫీలియా అని పిలిచే వంశపారంపర్య వ్యాధికి ఇది తొలి వర్ణనలలో ఒకటని వైద్య చరిత్రకారులు భావిస్తున్నారు.

ఆయన చెప్పినవన్నీ నేడు పనికివస్తాయని అనుకోకూడదు. ఎన్నో రోగాలకు ఆయన వాత పెట్టమన్నారు. ఆ పద్ధతిని వైద్యశాస్త్రం ఏనాడో వదిలేసింది. పసిపిల్లలకు వాతలు పెట్టించే దురాచారం ఎక్కడైనా మిగిలి ఉంటే దానికి ఆయన పేరు వాడుకోవడం ఆయనకు చేసే అన్యాయమే అవుతుంది.

జహ్రావీ చివరి రోజుల్లో అందులుస్ అంతర్యుద్ధంతో అల్లకల్లోలమైంది. 1010 ప్రాంతంలో మదీనతుజ్జహ్రా దోపిడీకి గురై శిథిలమైంది. 1013 ప్రాంతంలో ఆయన కన్నుమూశారు. ఆయన పుట్టిన నగరం మట్టిలో కలిసిపోయినా ఆయన గ్రంథం మాత్రం మిగిలింది. కుర్తుబాకే చెందిన మహావిద్వాంసుడు ఇబ్న్ హజ్మ్ దాన్ని ప్రశంసించారు. పన్నెండవ శతాబ్దంలో క్రెమోనా వాసి జెరార్డ్ తొలేదో నగరంలో శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి అనువదించారు. 1363లో ఫ్రాన్సు వైద్యుడు గీ ద షోలియాక్ తన మహాగ్రంథంలో జహ్రావీని పదే పదే ప్రస్తావించారు. 1465లో తుర్కీ వైద్యుడు షరఫుద్దీన్ సాబుంజూఓగ్లూ అమాస్యా పట్టణంలో దాని ఆధారంగా తుర్కీ భాషలో సచిత్ర గ్రంథం రాశారు. అందులో స్త్రీలకు చికిత్స చేస్తున్న వైద్యురాళ్ల చిత్రాలు కూడా ఉన్నాయి. 1497లో వెనిస్‌లో లాటిన్ అనువాదం, 1778లో ఆక్స్‌ఫర్డ్‌లో అరబీ మూలం అచ్చయ్యాయి. 1908లో మన లక్నోలో కూడా అరబీ మూలం అచ్చయింది. 1973లో ఇంగ్లీషు అనువాదం వెలువడింది.

ఆయన మొదలుపెట్టిన పని నేటికీ ముగియలేదు. ప్రమాదాల్లో గాయపడినవారిని బలిగొనే ప్రధాన కారణాలలో రక్తస్రావం ఇప్పటికీ ఒకటి. 2010లో ఫలితాలు వెలువడిన క్రాష్ 2 అనే పరిశోధనలో 40 దేశాల్లోని 274 ఆసుపత్రులలో 20 వేల మందికి పైగా క్షతగాత్రులను పరిశీలించారు. మన దేశపు ఆసుపత్రులు కూడా అందులో పాల్గొన్నాయి. ట్రానెక్సామిక్ ఆమ్లం అనే చవకైన మందు మరణాలను తగ్గిస్తుందని తేలింది. అయితే గాయమైన మూడు గంటలలోపే ఇవ్వాలని, ఆలస్యంగా ఇస్తే మేలుకు బదులు కీడు కలగవచ్చని 2011లో ప్రచురించిన విశ్లేషణ తెలిపింది. బతికినవారితో పాటు చనిపోయినవారిని కూడా నిజాయితీగా లెక్కించినందువల్లనే ఈ సంగతి బయటపడింది. ఆనాడు ఒక్క వైద్యుడు తన పుస్తకంలో చేసిన పనినే ఈనాడు వందల ఆసుపత్రులు కలిసి చేస్తున్నాయి.

సోదర సోదరీమణులారా! మన పూర్వికులు ఇంతటివారు అని చెప్పుకుని సంతోషించడం తేలిక. వారు చూపిన దారిలో నడవడం కష్టం. రోడ్డు మీద ఎవరైనా నెత్తురోడుతూ పడి ఉంటే చుట్టూ మూగి చూడటం కాదు, శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి పట్టి, 108కి ఫోను చేయించి, అంబులెన్సు వచ్చేవరకు ఆ చేతిని తీయకుండా ఉండాలి. ఈ పాటి పని మన ఇళ్లలో ప్రతి ఒక్కరూ, పెద్ద పిల్లలతో సహా, నేర్చుకోవాలి. అప్పుడు జహ్రావీ వేలు మన చేతిలో ఉన్నట్లే.