షేక్స్పియరు

ఇంగ్లండు దేశమున ఏవన్ నది యొడ్డున స్ట్రాట్‌ఫర్డు అను చిన్న పట్టణము కలదు. 1564వ సంవత్సరపు వేసవిలో అచ్చట ప్లేగు వ్యాపించి అనేకులను పొట్టన బెట్టుకొనెను. అంతకు కొలది వారములకు ముందే, ఏప్రిలు 26వ తేదీన, జాన్ షేక్స్పియరు అను గృహస్థు తన కుమారునకు చర్చిలో జ్ఞానస్నానము చేయించి విలియం అని పేరిడెను. మొదట పుట్టిన యిద్దరు ఆడుబిడ్డలును పసితనముననే గతించియుండిరి. ఈ బిడ్డ యైనను దక్కునో దక్కడో యని తల్లి మేరీ ఎంత తల్లడిల్లినదో మనము ఊహింపవచ్చును. బిడ్డ దక్కెను.

జాన్ తోలుతో చేతి తొడుగులు కుట్టి అమ్మువాడు. పట్టణ పరిపాలనలో ఉన్నత పదవులు వహించినవాడు. విలియం ఆ యూరి పాఠశాలలో లాటిను భాష నేర్చెనని పండితుల అభిప్రాయము. తరువాత తండ్రి పరిస్థితి క్షీణించెను. కుమారునకు విశ్వవిద్యాలయపు గడప త్రొక్కెడి భాగ్యము లేదాయెను. 1582లో, పదునెనిమిదవ యేట, విలియం తనకంటె ఎనిమిదేండ్లు పెద్దదియగు ఆన్ హాతవేను వివాహమాడెను. వారికి సుసానా అను కుమార్తెయు, 1585లో హామ్నెట్, జూడిత్ అను కవలలును కలిగిరి.

1592 నాటి కాతడు లండను నగరమున నటుడుగను రచయితగను కనబడుచున్నాడు. విశ్వవిద్యాలయమున చదివిన గ్రీన్ అను రచయిత, ఒక నటుడు కవుల సరసన నిలువ సాహసించుచున్నాడని యెత్తిపొడిచెను. ఆ యీర్ష్యాపరుని వ్రాతయే నేడు చరిత్రకారుల కక్కరకు వచ్చినది! 1594లో షేక్స్పియరు ఒక ప్రసిద్ధ నాటక సమాజమున భాగస్వామి యయ్యెను. ఆ సమాజమువారి నాటకశాల పరుల స్థలములో నుండెను. కౌలు గడువు తీరినంతనే స్థలముగల ఆసామి కట్టడము కూడ తనదే యని వాదించెను. అంతట 1598 డిసెంబరులో నటులు వడ్రంగిని తోడుచేసికొని, నాటకశాల నూడదీసి దూలములను తరలించుకొనిపోయిరి. ఆ కలపతోనే 1599లో థేమ్సు నదికి దక్షిణపు గట్టున గ్లోబు అను నాటకశాల వెలసెను.

గ్లోబులో నాటకము మధ్యాహ్నపు వెలుగులో జరుగుచుండెను. ముందు తెర లేదు. చిత్రించిన దృశ్యములు లేవు. మన వీథినాటకములు చూచినవారి కిది వింతగా తోచదు. స్త్రీపాత్రలు బాలురు ధరించెడివారు. నడుమ నున్న బయలులో నిలుచుండి చూచుటకు వెల ఒక్క పెన్నీ. దీనిని ఒకప్పటి మన సినిమాశాలలలోని నేల టిక్కెట్టు వంటి దనుకొనవచ్చును. పనివారును, అంగడి కుఱ్ఱవాండ్రును అచ్చట గుమిగూడెడివారు. మరియొక పెన్నీ యిచ్చినవారు చుట్టునున్న మేడలలో కప్పు క్రింద కూర్చుండెడివారు. వర్తకులు, న్యాయవాదులు, ప్రభువులు అందుండిరి. ఇట్టి భిన్నరుచుల జనమును ఒక్క నాటకముతో కదలక నిలుపవలెను. హామ్లెట్ నాటకమున దయ్యము కనబడును, కత్తియుద్ధము జరుగును, గోరీలు త్రవ్వువారు హాస్యమాడుదురు. ఆ నడుమనే రాజకుమారుడు చావుబ్రతుకులను గూర్చి మథనపడును. నేలవానికిని మేడవానికిని అందు పాలు కలదు. 1603లో సింహాసన మెక్కిన జేమ్సు రాజు ఈ సమాజమును తన పోషణలోనికి గ్రహించెను.

ఈ కీర్తి నడుమ నొక యింటి దుఃఖము కలదు. 1596లో హామ్నెట్ పదునొకండేండ్ల ప్రాయమున మరణించెను. కొన్ని యేండ్ల పిమ్మట షేక్స్పియరు ‘పండ్రెండవ రాత్రి’ యను హాస్యనాటకమును రచించెను. అందు అన్నచెల్లెండ్రైన కవలలు ఓడ పగిలి విడిపోవుదురు. మునిగిపోయినాడనుకొన్న సోదరుడు తుదకు సజీవుడై వచ్చును. కవి తన దుఃఖమునే అందు పెట్టెనని చెప్పుటకు సాక్ష్యము లేదు. అయినను నే నా ఘట్టము చదివినపుడెల్ల జూడిత్ మనస్సున మెదలును.

తన నాటకముల నచ్చు వేయించుటకు షేక్స్పియరు శ్రద్ధ వహించినట్లు కనబడదు. అప్పటి నాటకము కవిది కాదు, సమాజముయొక్క ఆస్తి. సగము నాటకములు మాత్రము చిన్న పుస్తకములుగ వెలువడెను. అందును కొన్ని తప్పులతడకలు. 1613 జూను 29వ తేదీన ప్రదర్శన నడుమ ఫిరంగి పేల్చగా నిప్పురవ్వ గడ్డికప్పున పడి గ్లోబు భస్మమయ్యెను. ప్రేక్షకులు బయటపడిరి, ఒకని లాగునకు నిప్పంటుకొనగా సారాయిబుడ్డి కుమ్మరించి ఆర్పిరట! మరుసటి యేట నాటకశాలను మరల కట్టిరి. 1616 ఏప్రిలు 23వ తేదీన కవి స్వస్థలమున కన్నుమూసెను.

ఆతడు తన మరణశాసనమున ముగ్గురు తోడి నటులకు స్మారకపు టుంగరములకై కొంత సొమ్ము వ్రాసెను. వారిలో బర్బేజ్ 1619లో మరణించెను. మిగిలిన హెమింజ్, కాండెల్ అనువారు తమ మిత్రుని నాటకములు చేకూర్చి, 1623లో 36 నాటకముల పెద్ద సంపుటమును వెలువరించిరి. అందు 18 నాటకము లంతకుముందు అచ్చుమొగము చూడనివి. మాక్బెత్, జూలియస్ సీజరు, ‘పండ్రెండవ రాత్రి’, తుపాను అట్టివే. 1642లో పార్లమెంటు నాటకశాలల నెల్ల మూయించెను. ఆ నాటకముల వ్రాతప్రతులలో ఒక్కటియు నేడు మిగులలేదు. ఆ మిత్రులిద్దరు పూనుకొనక పోయినచో ఈ పదునెనిమిదియు మనకు దక్కుట దుర్లభమే.

19వ శతాబ్దమున వావిలాల వాసుదేవశాస్త్రిగారు జూలియస్ సీజరును తెనిగించిరి. అదియు ఆ పదునెనిమిదింటిలోనిదే. రెండు జతల కవలలను చూచి ఊరివారెల్ల భ్రమపడెడి మరియొక హాస్యనాటకమును కందుకూరి వీరేశలింగము పంతులుగారు ‘చమత్కార రత్నావళి’ యను పేర తెలుగు చేసిరి. దాని మూలమును అచ్చుకెక్కినది ఆ 1623 సంపుటముననే. పంతులుగారు దానిని రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచే ఆడించిరి. గ్లోబులో వలెనే అచ్చటను బాలురు వేషములు కట్టి నిలిచిరి.