రూపమును నిర్వచించిన గణితవేత్త: స్టీఫెన్ కోల్ క్లేనీ

ఆశ్వయుజ కార్తికములు వచ్చినవనగా వాకాడు మొదలగు తీరగ్రామములవారి చూపు ఆకాశమువైపు మరలును. ఈశాన్య ఋతుపవనముల కాలమది. ఆ దినములలో వాతావరణవార్తకు సంఖ్యలే ప్రాణము. ఉదయము 8.30 గంటలతో ముగిసిన 24 గంటలలో 42.6 మిల్లీమీటర్ల వర్షము కురిసినదని ఒక వార్తలో నున్నదనుకొందము. ఇట్టి వార్తలు పదేండ్లవి కుప్పపోసి, వానలెక్కలను మాత్రమే ఏరుమన్నచో మనుష్యునకు మాసములు పట్టును. కంప్యూటరు క్షణములో ఏరగలదు. కాని దశాంశసంఖ్య యనగా ఎట్లుండునో ముందుగా దానికి చెప్పవలెను గదా! అట్లు చెప్పుటకు తగిన భాషకు పునాది వేసినవాడు స్టీఫెన్ కోల్ క్లేనీ.

ఆయన 1909 జనవరి 5వ తేదీన అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున జన్మించెను. తండ్రి అర్థశాస్త్రాచార్యుడు; తల్లి కవయిత్రి. ఇంటిపేరును లోకము పలువిధముల పలికినను, ఆయన మాత్రము క్లేనీ అనియే పలుకుచుండెను. 1930లో ఆమ్‌హర్స్ట్ కళాశాలలో పట్టభద్రుడై, ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున అలోంజో చర్చ్ అను తార్కికునకు శిష్యుడయ్యెను. గురువుగారు కల్పించిన గణనపద్ధతిలో కూడిక సులభముగా సాగెను గాని, సంఖ్యనుండి ఒకటి తీసివేయు ఉపాయము ఎవరికిని తోచలేదు. ఆ ఉపాయము దంతవైద్యుని కుర్చీలో కూర్చున్న క్లేనీకి స్ఫురించెను. 1934లో డాక్టరేటు పొంది, మరుసటి యేడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున అధ్యాపకుడుగా చేరెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున నౌకాదళములో చేరి, యువాధికారులకు నౌకాయాన విద్య బోధించెను.

1943లో మెకల్లక్, పిట్స్ అను ఇరువురు పండితులు మెదడులోని నాడులను గణితముతో వర్ణించి యుండిరి. 1951 వేసవిలో రాండ్ సంస్థయందు పనిచేయుచు క్లేనీ ఆ వ్యాసమును పరిశీలించెను. పరిమితమైన జ్ఞాపకముగల యంత్రము ఏయే రూపములను గుర్తింపగలదు? ఇదే ఆయన వేసికొనిన ప్రశ్న. ఒకదాని వెనుక ఒకటి వచ్చుట, ఇది గాని అది గాని వచ్చుట, పదేపదే వచ్చుట అను మూడు వ్యాపారములతో వర్ణింపదగిన రూపములన్నిటిని అట్టి యంత్రము గుర్తింపగలదనియు, అంతకుమించి గుర్తింపలేదనియు ఆయన నిరూపించెను. ఈ వ్యాసము 1956లో గ్రంథస్థమయ్యెను. ఆ రూపములకు ఆయన పెట్టిన పేరునకు నియతములని అర్థము. ఇంతకంటె మంచి పేరు ఎవరైన సూచించినచో సంతోషింతునని అందే విన్నవించెను. కాని ఆ పేరే నిలిచిపోయినది.

ఛందస్సు నేర్చిన మనకు ఈ మూడు వ్యాపారములు క్రొత్తవి కావు. ఆటవెలది మొదటి పాదమున మూడు సూర్యగణములు, వాని వెనుక రెండు ఇంద్రగణములు. సూర్యగణమనగా నగణము గాని హగణము గాని. దండకమున తగణములు కవి కోరినన్ని నడచి తుదకు గురువుతో ముగియును. పునరావృత్తికి క్లేనీ వాడిన నక్షత్రపు గుర్తు మొదట ఇట్లే రెండు రూపముల నడుమ నిలిచెను: మొదటిది ఎన్నిమార్లయినను, పిదప రెండవది ఒకమారు. మొదటిది ఒక్కమారైనను రాకున్నను దోషములేదు. ఆ నక్షత్రము శూన్యమును సైతము అంగీకరించును.

1968లో కెన్ థాంప్సన్ ఈ సిద్ధాంతమును పాఠమును వెదకు సాధనముగా మార్చెను. 1973 నాటికి యూనిక్స్‌లో గ్రెప్ అను ఆజ్ఞ వెలసెను. అక్షరములతో ఆజ్ఞలిచ్చు షెల్ అను ముంగిలిలో నేటికిని దానినే వాడుదురు. ఒకటి లేక అంతకుమించిన అంకెలు, పిదప చుక్క, మరల ఒకటి లేక అంతకుమించిన అంకెలు: ఇదియే దశాంశసంఖ్యకు లక్షణము. సరిపోలిన భాగము మాత్రమే వెలువడునట్లు కోరవచ్చును.

కాని మెలకువ వలయును. ఈ భాషలో ఒట్టి చుక్కకు ఏ అక్షరమైనను అని అర్థము. దాని ముందు వెనుకకు వాలిన గీత నుంచనిచో, 10-12 అనునది కూడ దశాంశముగా చిక్కును. సున్న మొదలు తొమ్మిది వరకని వాడుక అంకెలతో చెప్పినచో, పాత పుస్తకములలోని తెలుగు అంకెలు తప్పిపోవును. ౦ మొదలు ౯ వరకును చేర్చవలెను. అన్నిటికంటె పెద్ద చిక్కు మరియొకటి. మన వార్తలో 8.30 కూడ దశాంశరూపమే! దానిని 42.6తో కూడినచో కురియని వాన కురిసినట్లగును. ఆ తప్పుడు లెక్కను నమ్మి చెరువుకట్టను గూర్చి నిర్ణయించువాని గతి యేమి? కావున సంఖ్య వెనుక మిల్లీమీటరను మాట ఉండవలెనని మొదట వడపోసి, అందుండి సంఖ్యను మాత్రము మరల వడపోయవలెను. యంత్రమునకు రూపమే తెలియును. అర్థమెరిగి లక్షణము చెప్పవలసినవాడు మనుష్యుడే. గణములు సరిపోయినంత మాత్రమున పద్యము కవిత్వము కానట్లే ఇదియును.

1952లో వెలువడిన క్లేనీ గణితతర్క గ్రంథము తరతరముల విద్యార్థులకు ఆధారమయ్యెను. పర్వతారోహణమన్నను, మెయిన్ రాష్ట్రమందలి తమ కుటుంబక్షేత్రమన్నను ఆయనకు మిక్కిలి ప్రీతి. 1979లో ఉద్యోగవిరమణ చేసెను. 1990లో అమెరికా జాతీయ విజ్ఞానపతకము లభించెను. 1994 జనవరి 25వ తేదీన మాడిసన్ నగరమున పరమపదించెను.

నాడుల తత్త్వము నెరుగగోరి ఆయన వ్రాసినది నేడు వానలెక్కలను ఏరుచున్నది. వెదకుటకు ముందు వెదకుదానిని నిర్వచింపుమనునదే ఆ జీవితము మన విద్యార్థులకు నేర్పు పాఠము.