కొలత మరువని మహనీయుడు: అయ్యగారి సాంబశివరావు గారు

స్వతంత్ర భారతదేశ నిర్మాణానికి పూనుకొన్న వైజ్ఞానికుల పేర్లు చెప్పమంటే మన విద్యార్థులు హోమీ భాభా, విక్రం సారాభాయి అని తడుముకోకుండా చెబుతారు. కాని హైదరాబాదులో ఈసీఐఎల్ చౌరస్తా దగ్గరి ఎ. ఎస్. రావు నగర్‌లో బస్సు దిగేవారిని ఆ రావు గారెవరని అడిగితే జవాబు చెప్పగలవారు కొద్దిమందే. ఒక మహనీయుని పేరు బస్సు బోర్డు మీద నిలిచి, ఆయన జీవితం మరుగున పడటం విచారకరం. ఆ కొరత కొంతైనా తీర్చాలనే సంకల్పంతో ఈ వ్యాసానికి పూనుకొన్నాము. మరొక కారణం కూడా ఉన్నది. కంప్యూటరు శాస్త్రం అభ్యసించే మన విద్యార్థులను తరచుగా వేధించే చిక్కు ఒకటున్నది. ప్రోగ్రాములో ఒకచోట పెద్ద పాత్రలో ఉన్న సంఖ్య మరొకచోట చిన్న పాత్రలోనికి మారి చెడిపోవడమే ఆ చిక్కు. దాని మూలాలు తెలియాలంటే మన దేశంలో కంప్యూటర్లు తయారు చేయించిన ఈ తెలుగు బిడ్డ జీవితం కంటే మంచి దారి మాకు కనబడలేదు.

సాంబశివరావు గారు 1914 సెప్టెంబరు 20న నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో జన్మించారు. అల్లూరి సీతారామరాజు పేరుతో ముడిపడిన గ్రామమది. మన ఆగిరిపల్లి వలెనే పంట పొలాల నడుమ ఉన్న పల్లె. అక్కడి నుండి ఆయన చదువు కాశీ హిందూ విశ్వవిద్యాలయం వరకు సాగింది. అక్కడ భౌతిక శాస్త్రంలో ఎం. ఎస్‌సి. పట్టం పొంది, అక్కడనే కొంతకాలం అధ్యాపకులుగా పనిచేశారు. తరువాత టాటా విద్యార్థి వేతనంతో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి విద్యుత్ ఇంజనీరింగులో ఉన్నత విద్య పూర్తి చేశారు. చదువు ముగిసేనాటికి మన దేశం స్వాతంత్ర్యపు వాకిట నిలిచి ఉన్నది. ఆయన స్వదేశానికి తిరిగి వచ్చి, బొంబాయిలో భాభా గారు నెలకొల్పిన టాటా పరిశోధన సంస్థలో చేరారు.

అక్కడ ఆయనకు లభించిన పని విశ్వకిరణాల పరిశోధన. ఆకాశం నుండి వచ్చే అతి సూక్ష్మ కణాలు పరికరం గుండా దూసుకుపోతే ఒక విద్యుత్ స్పందన పుడుతుంది. అట్టి స్పందనలు ఎన్ని వచ్చాయో లెక్కించాలి. కంటికి కనబడనిదానిని లెక్కించడమంటే లెక్కించే పరికరాన్నే నమ్ముకోవాలి. ఏ గణనపరికరానికైనా కొన్ని గడులే ఉంటాయి. మూడు గడుల మీటరు 999 తరువాత 1000 చూపలేదు. తిరిగి 000 చూపుతుంది. మీటరు చెడిపోలేదు, కణాలు ఆగిపోలేదు. గడులు చాలలేదు, అంతే. ఆ సంగతి ఎరుగనివాడు సున్నను చూసి సున్న అనే వ్రాసుకొంటాడు. పరికరపు గడుల సంఖ్య తెలియకుండా దాని మాట నమ్మరాదన్నది ఎలక్ట్రానిక్ పరికరాలతో పనిచేసేవారికి మొదటి పాఠం.

ఈ పాఠం ప్రయోగశాల దాటి ప్రాణావసరమైనది అణుశక్తి రంగంలో. మన దేశపు మొదటి అణు రియాక్టరు అప్సర 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పనిచేయడం మొదలుపెట్టింది. దాని నియంత్రణ వ్యవస్థను రావు గారి నాయకత్వంలోని ఎలక్ట్రానిక్స్ విభాగం మన దేశంలోనే రూపొందించింది. రియాక్టరు లోపల జరిగేదానిని మనిషి నేరుగా చూడలేడు. పరికరం చెప్పిన సంఖ్యను చూసి, ఆ సంఖ్యను నమ్మి, చర్య తీసుకోవాలి. అంతటి బాధ్యతను విదేశాల నుండి మూతవేసి వచ్చిన పెట్టెలకు అప్పగించక, ప్రతి తీగ ఎక్కడికి పోతుందో తెలిసిన పరికరాలకు అప్పగించాలన్నది ఆ బృందం నమ్మిన మార్గం. ఈ కృషికి గుర్తింపుగా రావు గారికి 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ లభించాయి.

1962 నాటి చైనా యుద్ధం దేశానికి ఎన్నో లోపాలను తెలియజెప్పింది. అందులో ఎలక్ట్రానిక్స్ లోపం ఒకటి. మరుసటి సంవత్సరం ప్రభుత్వం భాభా గారి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. సారాభాయి, సూరి భగవంతం గార్లతో పాటు రావు గారు అందులో సభ్యులు. నలుగురు సభ్యులలో ఇద్దరు తెలుగువారు కావడం మనకు గర్వకారణం. 1966 జనవరిలో భాభా గారు విమాన ప్రమాదంలో మరణించారు. అయినా పని ఆగలేదు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఈసీఐఎల్, స్థాపితమైనది. దానికి సారథ్యం వహించినవారు రావు గారే. ఒకనాడు తెలుగు ఇండ్లలో ఈసీ టీవీగా ప్రసిద్ధికెక్కిన టెలివిజను ఆ సంస్థదే. రావు గారి తరం వారు వేసిన పునాది మీద ఆ సంస్థ తరువాతి కాలంలో ఎన్నికల ఓటింగు యంత్రాలను కూడా తయారుచేసింది.

ఆ సంస్థ ప్రతిష్ఠకు మూలమైన కంప్యూటరు కథకు ఇప్పుడు వద్దాము. ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 అనే కంప్యూటరు 1969లో ఆవిష్కృతమైనది. టీడీసీ అనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటరు. పేరు చివరి 12 అలంకారం కాదు. అది ఆ యంత్రపు కొలత. కంప్యూటరుకు సున్న, ఒకటి అనే రెండే గుర్తులు తెలుసు. అట్టి గుర్తు ఒకటి పట్టే గడిని బిట్ అంటారు. టీడీసీ-12 ఒకసారి చేతబట్టే మాటకు 12 గడులు. ఈసీఐఎల్ 1974లో టీడీసీ-312ను, 1975లో టీడీసీ-316ను విడుదల చేసింది. చివరిదాని మాటకు 16 గడులు. అంతకుముందే టాటా సంస్థలో నిర్మితమైన టిఫ్రాక్ అనే కంప్యూటరు మాటకు 40 గడులు ఉండేవి. ఒకే దేశంలో, కొద్ది సంవత్సరాల వ్యవధిలో, మూడు కొలతలు!

మన పెద్దలు ధాన్యం కొలిచిన రోజులలో సోల, తవ్వ, మానిక, కుంచం, తూము అని వేర్వేరు పాత్రలుండేవి. నాలుగు మానికలు ఒక కుంచం. కుంచెడు గింజలు మానికలో పోస్తే మూడు మానికల గింజలు నేలపాలవుతాయని పిల్లలకు కూడా తెలుసు, ఒలికిన గింజలు కంటికి కనబడతాయి కనుక. కంప్యూటరులో ఒలికినది కంటికి కనబడదు. పాత్రలో మిగిలిన గింజలనే యంత్రం మొత్తమని నమ్మి లెక్క కొనసాగిస్తుంది. అపాయమంతా అక్కడనే ఉన్నది.

ఈ దోషం మూడు రూపాలలో కనబడుతుంది. మొదటిది ఒలికిపోవడం. నూజివీడు ప్రాంతపు మామిడి మండీలో సరుకు బరువును కిలోలలో వ్రాసే ప్రోగ్రాము ఉన్నదనుకొందాము. మొత్తానికి కేటాయించిన పాత్ర 16 బిట్లది. ధన ఋణ సంఖ్యలు రెండింటినీ పట్టే అట్టి పాత్రలో పట్టగల పెద్ద సంఖ్య 32,767. పది టన్నుల లారీలు మూడు తూగేవరకు లెక్క సరిగానే ఉంటుంది. నాల్గవ లారీ తూగగానే 40,000 రావలసిన చోట ఋణ 25,536 వస్తుంది. రైతు తెచ్చిన కాయలకు మండీకే రైతు బాకీపడినట్లు యంత్రం తీర్పు చెబుతుంది!

రెండవది గుర్తు పోవడం. 12 గడులలో ఋణ 1ని నేటి వాడుక పద్ధతిలో వ్రాస్తే పన్నెండు ఒకట్లు వస్తాయి. దానిని 16 గడుల యంత్రానికి పంపి, ముందున్న నాలుగు గడులలో సున్నలు నింపితే అది ఋణ 1 కాదు, 4,095 అవుతుంది. సున్న కంటే ఒక డిగ్రీ తగ్గిన ఉష్ణోగ్రత నాలుగువేల డిగ్రీలుగా కనబడుతుంది. పంపినవాడు తప్పు చేయలేదు, పుచ్చుకొన్నవాడూ తప్పు చేయలేదు. ముందు గడులను దేనితో నింపాలో ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మూడవది పొరుగువాని ఆస్తి చెడగొట్టడం. చిన్న పాత్ర ఉన్న చోట పెద్ద సంఖ్యను వ్రాస్తే, మిగిలిన భాగం ప్రక్కనున్న వేరొక విలువ మీద పడుతుంది. అప్పుడు తప్పు చేసిన చోట ఏమీ తెలియదు. నిరపరాధి అయిన పొరుగు విలువ చెడి, దోషం అక్కడనే ఉన్నదని వెదకేవానిని భ్రమింపజేస్తుంది. మూడింటిలో పట్టుకోవడానికి కష్టమైనది ఇదే.

వైద్యుడు నాడి చూసినట్లు అనుభవజ్ఞులు కొన్ని సంఖ్యలను చూడగానే రోగం గుర్తిస్తారు. 2,047, 4,095, 32,767, 65,535. ఈ అంకెల అంచున లెక్క తలక్రిందులైతే పాత్ర చాలలేదని తెలుసుకోవచ్చును. తరువాత ఆ విలువ పుట్టినచోటు నుండి వెలువడినచోటు వరకు చేతులు మారిన ప్రతి మజిలీలో దాని గడులను లెక్కించాలి. దోషం సాధారణంగా ఆ చేతులు మారే చోటనే పొంచి ఉంటుంది. సి భాషలో ఇంట్ అనే పాత్రకు పూర్వపు చిన్న యంత్రాలలో 16 బిట్లు, నేటి యంత్రాలలో చాలావాటిలో 32 బిట్లు. లాంగ్ అనే పాత్ర కొన్ని వ్యవస్థలలో 32 బిట్లు, కొన్నింటిలో 64. పేరు ఒకటే, కొలత వేరు. కావున కొలతను ఊహించుకోరాదు. యంత్రాన్ని అడిగి తెలుసుకోవాలి, లేదా ఇన్ని బిట్లు కావాలని పేరులోనే స్పష్టంగా వ్రాయాలి.

ఇది చిన్న విషయమని తోసిపుచ్చేవారి కొరకు ఒక ఉదాహరణ చాలును. 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా నుండి ఐరోపా దేశాల ఏరియేన్-5 రాకెట్టు మొదటిసారి ఎగిరింది. నలభై సెకన్లయినా గడవకముందే దారి తప్పి ముక్కలైపోయింది. 64 బిట్ల పాత్రలో ఉన్న వేగసంబంధమైన విలువను 16 బిట్ల పాత్రలోనికి మార్చబోగా అది పట్టకపోవడమే కారణం. ఆ ప్రోగ్రాము భాగం పాత రాకెట్టయిన ఏరియేన్-4లో చక్కగా పనిచేసినదే. క్రొత్త రాకెట్టు వేగం ఎక్కువ. పాత పాత్ర దానికి చాలలేదు. ఏండ్ల తరబడి సరిగా పనిచేసినంత మాత్రాన ఒక పాత్ర రేపటికి చాలుతుందనుకోరాదు. అట్టి గడువు మరొకటి మన ముందున్నది. 1970 నుండి గడచిన సెకన్లను 32 బిట్లలో లెక్కించే పాత వ్యవస్థలలో ఆ పాత్ర 2038 జనవరి 19న నిండిపోతుంది.

ఉర్దూ, తెలుగు రెండింటికీ నిలయమైన మన కళాశాలకు ఈ విషయం మరింత దగ్గరిది. రహీం అనే పేరును ఇంగ్లీషులో వ్రాస్తే ఐదక్షరాలు, ఐదు బైట్లు. ఉర్దూలో రే, బడీ హే, యే, మీమ్ అని నాలుగక్షరాలు. యూనికోడ్‌ను నిలువచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో వాటికి ఎనిమిది బైట్లు. తెలుగులో గుణింతపు గుర్తును, సున్నను కలుపుకొని నాలుగు గుర్తులు, ఒక్కొక్కటి మూడు బైట్లు, వెరసి పన్నెండు. ఇంగ్లీషు పేర్లనే దృష్టిలో పెట్టుకొని పది బైట్ల గడి కట్టిన ప్రోగ్రాములో ఉర్దూ రహీం ఇముడుతాడు, తెలుగు రహీం తెగిపోతాడు. పేరు తెగిన మనిషికి కార్యాలయంలో పని జరగదు. అతని పేరులో దోషం లేదు, అతని భాషలో దోషం లేదు. గడి కట్టినవాడు అతనిని తలచుకోలేదు, అదే దోషం.

సాంబశివరావు గారు 2003 అక్టోబరు 31న దివంగతులైనారు. ఆయన కాలపు 12 బిట్ల యంత్రాలు నేడు పనిలో లేవు. ఒక విద్యార్థి జేబులోని ఫోను వాటికంటే ఎన్నోరెట్లు శక్తిమంతమైనది. కాని ఆయన జీవితం చెప్పే నీతికి కాలదోషం పట్టలేదు. పరులు చేసిన పెట్టెను కొనుక్కొన్నవానికి దాని ధర మాత్రమే తెలుస్తుంది. స్వయంగా నిర్మించినవానికి దాని కొలత తెలుస్తుంది. కొలత తెలిసినవాడే దోషాన్ని పట్టుకోగలడు. దోషాన్ని పట్టుకోగలిగినవాడే ఆ యంత్రానికి యజమాని.

మోగల్లు నుండి బయలుదేరిన బాలుడు అప్సరకు నియంత్రణ సమకూర్చగలిగినప్పుడు, ఆగిరిపల్లి మామిడితోటల నడుమ నుండి మన కళాశాలకు వచ్చే బాలబాలికలు ఈ విద్యలో వెనుకబడవలసిన పని లేదు. 2008 నుండి నూజివీడులోనే ట్రిపుల్ ఐటీ ఉన్నది. ఆ స్థాయికి చేరగల బుద్ధి మన విద్యార్థులకు ఉన్నదని మా దృఢ విశ్వాసం. కళాశాల కమిటీ పెద్దలు ప్రయోగశాలలో ఒక పాత కంప్యూటరునైనా మూత తెరచి పరీక్షించడానికి పిల్లలకు విడిచిపెట్టవలసినదిగా మేము సవినయంగా కోరుతున్నాము. రావు గారి స్మృతికి అంతకంటే తగిన నివాళి మరొకటి ఉండదు.