అడవి ఆర్కిడ్లకు ఆనవాలు కట్టిన డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్

భారత వృక్షశాస్త్ర పితామహునిగా ప్రసిద్ధి చెందిన డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ శాస్త్రకృషికి పునాది తెలుగునేలపైనే, నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో పడింది. కోస్తా ప్రాంతపు అడవి ఆర్కిడ్లలో కొన్నింటికి ఆయన చేసిన వర్ణనలు నేటికీ పరిశోధకులకు ప్రామాణికంగా ఉన్నాయి.

1751లో స్కాట్లాండ్‌లో జన్మించిన రాక్స్‌బర్గ్ ఎడిన్‌బరోలో వైద్యవిద్యతోపాటు ఆచార్య జాన్ హోప్ వద్ద వృక్షశాస్త్రం అభ్యసించారు. 1776లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యునిగా చేరి, 1780 దశకంలో సామర్లకోటకు వచ్చారు. అక్కడ మిరియాల తోట పెంచారు. ప్రతిదినం వాతావరణ వివరాలు నమోదు చేశారు. కోనిగ్, ప్యాట్రిక్ రస్సెల్‌ల అనంతరం 1789లో మద్రాసు ప్రాంతానికి కంపెనీ వృక్షశాస్త్రజ్ఞునిగా నియమితులయ్యారు. ఉత్తర సర్కారులు కరవుతో అలమటించిన ఆ రోజులలో కొబ్బరి వంటి ఆహారపు చెట్లను విరివిగా నాటించాలని ఆయన అధికారులకు సూచించడం గమనార్హం.

చెట్ల కొమ్మలపై మొలిచే మొక్కలన్నింటినీ బదనికలుగా వ్యవహరించడం జనసామాన్యంలో ఉన్నదే. అయితే ఆర్కిడ్ తనకు ఆశ్రయమిచ్చిన చెట్టు సారాన్ని పీల్చదు. గాలిలో వేలాడే వేళ్లతో వాననీటిని, తేమను గ్రహిస్తుంది. పూవు లేని వేళ ఒక జాతిని మరొక జాతినుండి వేరుపరచడం నిపుణులకు సైతం కష్టం. ఎండబెట్టి కాగితానికి అంటించిన నమూనాలో పూవు రంగు మాసిపోతుంది, మందపాటి పెదవి రేకు అణగిపోతుంది. ఈ ఇబ్బందిని రాక్స్‌బర్గ్ భారతీయ చిత్రకారుల సహాయంతో అధిగమించారు. పచ్చి మొక్కను ఎదుట ఉంచుకొని వారు ఆకు, కాండము, వేరు రంగులలో చిత్రించేవారు. పూవు భాగాలను విడదీసి వేరుగా చూపేవారు. ఆ మొక్క పెరిగే చోటు, పూచే కాలం, ఉపయోగం, అనేక సందర్భాలలో తెలుగు పేరు కూడా రాక్స్‌బర్గ్ నమోదు చేశారు. ఇంతటి నైపుణ్యం చూపిన ఆ చిత్రకారుల పేర్లు గ్రంథంలో చేరకపోవడం లోటే.

ఆ విధంగా రూపొందిన 'కోరమండల్ తీరపు మొక్కలు' గ్రంథం జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుండి లండన్‌లో మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో వెలువడింది. మొదటి సంపుటంలోని 42వ చిత్రం గళ్ల పూవుల ఆర్కిడ్‌ది. 43వది కొన కొరికినట్లుండే ఆకుల ఆర్కిడ్‌ది. నాటి పద్ధతి ప్రకారం రెండింటినీ ఆయన ఎపిడెండ్రమ్ ప్రజాతిలో చేర్చారు. తరువాతి శాస్త్రజ్ఞులు మొదటిదానిని వాండా ప్రజాతికి, రెండవదానిని అకాంపే ప్రజాతికి మార్చారు. ఇందులో ఒక విచిత్రం ఉంది. గళ్ల పూవుల మొక్కకు 1820లో రాబర్ట్ బ్రౌన్ రాక్స్‌బర్గ్ గౌరవార్థం వాండా రాక్స్‌బర్గీ అని పేరు పెట్టారు. అయితే ముందు పెట్టిన పేరుకే ప్రాధాన్యమన్న నియమాన్ని అనుసరించి, రాక్స్‌బర్గ్ స్వయంగా పెట్టిన పేరు ఆధారంగా వాండా టెస్సెల్లేటా స్థిరపడింది.

1793లో కలకత్తా వృక్షోద్యాన పర్యవేక్షకులైన రాక్స్‌బర్గ్ రెండు దశాబ్దాలు అక్కడ పనిచేశారు. ఆయన గీయించిన చిత్రాలు 2,500కు మించాయి. అనారోగ్యంతో 1813లో భారతదేశం విడిచి, 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు. ఆయన ప్రధాన గ్రంథం 'ఫ్లోరా ఇండికా' సంపూర్ణంగా 1832లో, విలియం కేరీ కృషితో వెలువడింది.

ఆర్కిడ్ల వర్గీకరణలో నేడు రూపలక్షణాలతోపాటు డీఎన్ఏ పరీక్ష ముఖ్యమైంది. వేరు ప్రజాతిగా భావించిన ఆస్కోసెంట్రమ్ మొక్కలు జన్యుసామ్యం కారణంగా వాండాలో కలిశాయి. పాత ఎండు నమూనానుండి సైతం డీఎన్ఏ సేకరించవచ్చు, చిత్రంనుండి సాధ్యం కాదు. కేవలం చిత్రంపైనే ఆధారపడిన పేరు విషయంలో పరిశోధకులు వర్ణనలోని ప్రాంతానికి వెళ్లి, చిత్రంతో సరిపోలే మొక్కను వెదకి, దానినుండి నమూనా తీయవలసి ఉంటుంది. ఏ జాతి ఎక్కడెక్కడ ఉన్నదో పటంపై గుర్తించే పనికి సైతం రాక్స్‌బర్గ్ రాసిన స్థల వివరాలు తొలి ఆధారాలలో ఒకటి. ఆయన చిత్రాల ప్రతులు కోల్‌కతాలోను, లండన్ సమీపంలోని క్యూ ఉద్యానంలోను భద్రపరచబడ్డాయి.