ఓడిపోయినా మిగిలిన తీర్పు: కోకా సుబ్బారావు

మన కాలేజీలో మూడో సంవత్సరం అయ్యేసరికి సగం మంది పాస్‌పోర్టుకి అప్లై చేసేస్తారు. ఎంఎస్‌కి వెళ్తామో లేదో తర్వాత సంగతి, ముందు పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. పోలీస్ వెరిఫికేషన్ నాలుగు రోజులు ఆలస్యమైతే విసుక్కుంటాం కూడా. కానీ ఒకప్పుడు పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం పూర్తిగా ప్రభుత్వం ఇష్టం. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి కాదనాలో చెప్పే చట్టమంటూ లేదు. ఆ పద్ధతికి తెరదించిన తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి, కోకా సుబ్బారావు గారు. లా చదివేవాళ్లందరికీ తెలిసిన పేరే. మనకే పెద్దగా తెలియదు.

ఆయన 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రిగారు వకీలు. ఊళ్లోనే ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ చేసి, మద్రాసు లా కాలేజీలో చదివారు. కొద్దికాలం బాపట్లలో జిల్లా మున్సిఫ్‌గా చేసి, ఆ ఉద్యోగం వదిలేసి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. అక్కడ కలిసి పనిచేసింది బావమరిది పి.వి. రాజమన్నార్ గారితో. ఆయన తర్వాత మద్రాసు హైకోర్టుకి తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సుబ్బారావు గారు 1948లో అదే కోర్టులో జడ్జి అయ్యారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954లో గుంటూరులో మన హైకోర్టు మొదలైతే, దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956లో ఆ కోర్టు హైదరాబాదుకి మారింది. 1958 జనవరిలో ఆయన సుప్రీంకోర్టుకి వెళ్లారు.

అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకెళ్లి, సాక్ష్యం లేదని వదిలేశారు. వదిలేశారు గానీ హిస్టరీ షీట్ తెరిచారు. ఇక చౌకీదార్లు, కానిస్టేబుళ్లు అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టడం, ఉన్నాడా లేడా అని కేకలేయడం, నిద్రలేపి బయటికి రమ్మనడం. ఊరు దాటితే ఎక్కడికో, ఎన్నాళ్లకో చెప్పి వెళ్లాలి. కోర్టు దోషి అనకపోయినా ఇదీ బతుకు. ఆయన సుప్రీంకోర్టుకి వెళ్లాడు.

1962 డిసెంబరులో ఆరుగురు జడ్జీల ధర్మాసనం తీర్పిచ్చింది. రాత్రిపూట ఇంటికి రావడం తప్పని అందరూ ఒప్పుకున్నారు. మిగతా నిఘా మాత్రం ఫర్వాలేదని, రాజ్యాంగంలో గోప్యత అనే హక్కే లేదని నలుగురు అన్నారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. రాజ్యాంగంలో ఆ మాట రాసి లేకపోయినా, గోప్యత లేకుండా వ్యక్తి స్వేచ్ఛ అనేదే ఉండదన్నది ఆయన వాదన. ఒంటికి సంకెళ్లు వేయక్కర్లేదు, వెనకాల ఒక కన్ను నన్నే చూస్తోందని తెలిస్తే చాలు, మనిషి తనంతట తానే ముడుచుకుపోతాడు. అందుకే ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదని రాశారు. నాలుగుకి రెండు. ఓడిపోయారు.

1966 జూన్‌లో ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసు తీర్పు వచ్చింది. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి ప్రాథమిక హక్కుల్ని తగ్గించలేదని చెప్పారు. పదకొండు మంది జడ్జీల్లో ఆరుగురు ఒకవైపు, ఐదుగురు మరోవైపు. అయితే అప్పటికే జరిగిన సవరణల్ని కొట్టేస్తే దేశమంతా భూసంస్కరణలు తలకిందులవుతాయి. కాబట్టి కొత్త సూత్రం ఇకముందుకే వర్తిస్తుందన్నారు. మన భాషలో చెప్పాలంటే, పాత వెర్షన్‌ని క్రాష్ చేయకుండా అప్‌డేట్ ఇచ్చారన్నమాట. ఇందులో విచిత్రం ఏమిటంటే, భూమి కోసం కోర్టుకెక్కిన గోలక్‌నాథ్ కుటుంబానికి మాత్రం ఏమీ దక్కలేదు. ఆస్తిపరుల పక్షం వహించారన్న విమర్శ అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 1973లో కేశవానంద భారతి కేసులో ఈ తీర్పుని పక్కన పెట్టారు. కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదని అదే కేసులో తేల్చారు. పార్లమెంటు అధికారానికీ ఒక హద్దు ఉండాలన్న ఆయన పట్టుదల మరో రూపంలో నిలిచింది.

పాస్‌పోర్టు తీర్పు 1967 ఏప్రిల్ 10న వచ్చింది. విదేశాలకు వెళ్లడం కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమే, చట్టం లేకుండా కాదనకూడదు అన్నారు. ఇదీ మూడుకి రెండే. ఆ ఏడాదే పార్లమెంటు పాస్‌పోర్టు చట్టం చేసింది.

ఆ మర్నాడే ఆయన రాజీనామా చేశారు. రిటైర్మెంటుకి ఇంకా మూడు నెలలుంది. ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికల్లో జాకిర్ హుస్సేన్ మీద నిలబడి ఓడిపోయారు. ఇక్కడ నాకు ఆయనతో పేచీ ఉంది. జడ్జీలు పదవి దిగగానే రాజకీయ పదవులు తీసుకోవచ్చా అని ఇవాళ మనం టీవీల్లో వాదించుకుంటున్నాం కదా, ఆ ప్రశ్న ఆయన్నీ వదలదు. ప్రభుత్వానికి ఎదురు నిలబడి పోటీ చేశారు, ప్రభుత్వం ఇచ్చింది తీసుకోలేదు, ఆ తేడా ఉంది. అయినా నిన్నటిదాకా తీర్పులిచ్చిన మనిషి ఇవాళ అభ్యర్థి అయితే, నిన్నటి తీర్పుల మీద కూడా అనుమానం పడుతుంది. అది ఆయనకి తట్టలేదో, తట్టినా సరే అనుకున్నారో.

1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో, అన్యాయంగా జైల్లో పెట్టినా కోర్టుకి వెళ్లే హక్కు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. మళ్లీ ఒక్క జడ్జి, జస్టిస్ ఖన్నా, కాదన్నారు. ఎనిమిది రోజుల తర్వాత, మే 6న, సుబ్బారావు గారు చనిపోయారు. జీవితమంతా రాసిన దానికి పూర్తి వ్యతిరేకమైన దేశాన్ని చూస్తూ వెళ్లిపోయారు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. 2017 ఆగస్టు 24న, ఆధార్ గొడవలోంచి పుట్టిన పుట్టస్వామి కేసులో, తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. ఖరక్ సింగ్ కేసులో నలుగురు చెప్పింది తప్పు, సుబ్బారావు గారు చెప్పింది ఒప్పు అని తేలింది. అదే రోజు ఎమర్జెన్సీ నాటి తీర్పునీ కొట్టేశారు. జస్టిస్ నారిమన్ తన తీర్పులో మూడు గొప్ప అసమ్మతి తీర్పుల్ని గుర్తు చేసుకుంటే, అందులో మన రాజమండ్రి ఆయనది ఒకటి.

యాభై నాలుగేళ్లకు పైనే పట్టింది. ఖరక్ సింగ్‌కి ఆ రోజు దానివల్ల ఒరిగిందేమీ లేదు. కానీ ఎలాగూ ఓడిపోతున్నాం కదా, నలుగురితో పాటు సంతకం పెట్టేద్దాం అని సుబ్బారావు గారు అనుకుని ఉంటే, 2017లో వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఆ పేజీలు ఉండేవి కావు.

మన ఫోన్‌లో ఏదో యాప్ లొకేషన్, కాంటాక్టులు, కెమెరా అన్నీ కావాలంటే చూడకుండా అలో నొక్కేస్తాం. అది మన ఇష్టం. వద్దు అనే హక్కు మాత్రం మనకి ఊరికే రాలేదు.