ఏలూరు నుండి కేప్‌టౌనుకు - సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారి రాయబారము

రాయబారమనగానే ఆంధ్రులకు మొదట స్ఫురించునది ఉద్యోగపర్వము. అందలి రాయబారికి వెనుక ఏడక్షౌహిణుల సేన కలదు. వెనుక సేన లేక, తన దేశమునకు స్వాతంత్ర్యమే లేక, పరదేశమున స్వజనుల పక్షమున మూడేండ్లు రాయబారము నడపిన తెలుగువారొకరు కలరు. వారే ఏలూరు వాస్తవ్యులైన సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు.

నాయుడుగారు 1875వ సంవత్సరమున జన్మించిరి. కృష్ణ కాలువయు, గోదావరి కాలువయు ఏలూరులోనే కలిసికొనును. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడుటకు ముందు ఆ పట్టణము కృష్ణాజిల్లాలో ఉండెడిది. నాయుడుగారు న్యాయశాస్త్రము చదివి, న్యాయవాదియై, జస్టిస్ పక్షమున ప్రముఖులైరి. 1919లో రాజ్యాంగ సంస్కరణలను గూర్చి ఆ పక్షము తరఫున లండనులో సాక్ష్యమిచ్చిరి. 1920లో మదరాసు రాష్ట్రపు తొలి మంత్రివర్గమున అభివృద్ధిశాఖ మంత్రియైరి. 1928లో జెనీవాలోని నానాజాతిసమితికి భారత ప్రతినిధులలో ఒకరుగా వెళ్లిరి. ఆ మరుసటి యేడు వారికి దక్షిణాఫ్రికా పిలుపు వచ్చెను.

ఆ పిలుపు వెనుక పెద్ద చరిత్ర కలదు. 1860లో తొలి ఓడ మదరాసునుండి కూలీలను గొని నేటాలు తీరమునకు చేరినది. 1911లో ఆ ఏర్పాటు ఆగిపోవునాటికి లక్షయేబదివేలకు పైగా జనము ఒడంబడికపై అచటికి పోయిరి. వారిలో మన తీరజిల్లాల తెలుగువారు వేలకొలది కలరు. చెఱకుతోటల గడువు తీరిన పిదప అచటనే నిలిచి, కూరగాయలు పండించి, చిల్లరవర్తకము చేసి, పిల్లలను కని పెంచిన ఈ ప్రజలు తెల్లవారి ప్రభుత్వమునకు కంటిలో నలుసైరి. 1927లో రెండు ప్రభుత్వముల నడుమ కేప్‌టౌను ఒడంబడిక కుదిరినది. భారత ప్రభుత్వపు ప్రతినిధి యొకరు దక్షిణాఫ్రికాలో నివసించు ఏర్పాటు అప్పుడే జరిగినది. ఆ పదవికి ఏజెంటు అని పేరు. మొదటి ఏజెంటు శ్రీనివాసశాస్త్రిగారు. రెండవవారు మన నాయుడుగారు.

రాయబారి జీవితమనగా విందులు, వినోదములు అని తలచువారికి ఈ ఉద్యోగము నచ్చియుండదు. ఆ దేశమున శాసనసభ కేప్‌టౌనులో, సచివాలయము ప్రిటోరియాలో. భారతీయులలో అత్యధికులు డర్బను చుట్టుపట్ల. ఒక కొననుండి మఱియొక కొనకు వేయిమైళ్లకు మించిన రైలు ప్రయాణము. ఒకనికి వ్యాపారపు లైసెన్సు నిరాకరింపబడును; మఱియొకనికి ఇల్లు కట్టుకొన స్థలము దొరకదు; వేఱొకని కుటుంబమునకు దేశమున ప్రవేశము లభింపదు. ఇట్టి మొఱలను ఆలకించి, నిజమరసి, మంత్రులకును అధికారులకును నచ్చజెప్పి, జరిగినదంతయు ఢిల్లీకి వ్రాయుటయే ఏజెంటు పని. ఆజ్ఞాపించు అధికారము వారికి లేదు. అడుగు అధికారము మాత్రమే కలదు. అడిగినది దొరకనిచో మరల అడుగవలెను. న్యాయవాదిగా గడించిన ఓర్పు నాయుడుగారికి ఇచట అక్కఱకు వచ్చెను.

ఉపాధ్యాయులు గుర్తుంచుకొనదగిన సంగతి యొకటి. నేటాలులో భారతీయ బాలురకు ఉన్నతవిద్య అందక, ఉపాధ్యాయులకు తగిన శిక్షణము లేక యుండెను. శాస్త్రిగారి పూనికతో, భారతీయులు తామే విరాళములు పోగుచేసి నిర్మించిన శాస్త్రి కళాశాల 1929లో, నాయుడుగారి కాలమున, డర్బనులో తెఱవబడెను. భారతదేశమునుండి పట్టభద్రులు అచటికి పోయి బోధించిరి. 1931లో అచటి తెలుగువారు ఆంధ్రమహాసభను స్థాపించుకొనిరి. సముద్రముల కావల పుట్టిన పిల్లలు తల్లిభాషను మఱువకుండుటకు ఆ సభ పాటుపడినది.

అసలు పరీక్ష 1930లో వచ్చినది. ట్రాన్సువాలులో బంగారు గనుల ప్రాంతపు భూములపై ఆసియావాసుల హక్కులను అణచివేయు బిల్లును ప్రభుత్వము తెచ్చినది. తరములుగా అంగళ్లు నడుపుకొనువారు వీధిపాలగు స్థితి. ఇరు ప్రభుత్వములు సమావేశమగువఱకు ఆ బిల్లు నిలిచినది. 1932 ఆరంభమున కేప్‌టౌనులో రెండవ సమావేశము జరిగెను. భారత పక్షమున ఫజలీ హుస్సేను, శ్రీనివాసశాస్త్రి, సరోజినీ నాయుడు ప్రభృతులతో నాయుడుగారును కూర్చుండిరి. ఫలము మిశ్రమము. బిల్లులోని కాఠిన్యము కొంత సడలినది. కాని ఆ యేడే అది శాసనమైనది. అచటనే పుట్టిన భారతీయులు ఇంక స్వదేశమునకు మరలిపోరని మాత్రము ఇరుపక్షములును గ్రహించినవి. ఒడంబడిక ప్రకారము డబ్బు పుచ్చుకొని మదరాసులో దిగినవారిలో పెక్కండ్రు దిక్కులేక బాధపడిరి. పుట్టిన దేశము కాదనినది. పూర్వుల దేశము గుర్తింపలేదు.

ఈ రాయబారమున మఱియొక చిక్కు కలదు. 1930లో స్వదేశమున ఉప్పు సత్యాగ్రహము సాగి జనులు చెఱసాలలకు పోవుచుండగా, నాయుడుగారు ఆ జనులను చెఱసాలకు పంపు ప్రభుత్వమునకే ప్రతినిధులు. తన ప్రజలకు స్వదేశముననే హక్కులీయని ప్రభుత్వము పరదేశమున హక్కులడుగగా ఎదిరి పక్షము ఎంత లెక్కచేయును? ఇది వ్యక్తి లోపము కాదు, పరాధీనతయొక్క లోపము. జాతీయవాదులు వారి రాజకీయములను మెచ్చలేదు. అయినను డర్బనులోని చిన్న వర్తకుడు తన మొఱ వినుటకు ఒక గడప కలదని నమ్మగలిగెను. ఆ నమ్మకము తక్కువది కాదు.

1932లో మరలివచ్చిన పిదప నాయుడుగారు మదరాసు గవర్నరు కార్యాలోచన సభలో సభ్యులైరి. 1936లో కొన్ని మాసములు తాత్కాలిక గవర్నరుగా ఉండిరి. 1937 ఏప్రిలులో, కాంగ్రెసు పదవి స్వీకరింపక తటపటాయించునపుడు, ప్రధానమంత్రియై జులైవఱకు పనిచేసిరి. అన్నామలై విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, 1942లో దివంగతులైరి.

1932 నాటి శాసనము 1946లో మఱింత కఠిన రూపము దాల్చినది. భారత ప్రభుత్వము ఆ యేడు దక్షిణాఫ్రికాతో వాణిజ్యము తెంచుకొని, ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు చేసినది. ఆ దేశమున వర్ణవివక్ష ప్రభుత్వము 1994లోగాని అంతరింపలేదు. నాయుడుగారు అడిగి పొందలేనివి అప్పటికిగాని ఆ ప్రజలకు దక్కలేదు. జయించిన రాయబారుల కథలు విద్యార్థులకు ఎట్లును తెలియును. జయము దూరమని యెఱిగియు దినదినము పని చేసినవారి కథయు తెలియవలెను.