హాస్యనటుడు రేలంగి

తోలుబొమ్మలాటలో కేతిగాడును, జుట్టుపోలిగాడును, బంగారక్కయు తెరమీదికి వచ్చిరనగా ఊరివారి నిద్రమత్తు వదలిపోవును. వారు ఒకరినొకరు మోదుకొందురు, క్రిందపడుదురు, లేచి మరల మోదుకొందురు. చూచువారికి నవ్వే గాని జాలి కలుగదు. తోలుబొమ్మకు ఎముకలు లేవు గదా! 1928వ సంవత్సరమున అమెరికాలో వాల్ట్ డిస్నీ మిక్కీ అను ఎలుకబొమ్మను నలుపు తెలుపుల చిన్న చలనచిత్రములందు ఆడించి లోకమును నవ్వించుటలోని కిటుకును ఇదియే. అట్టి చిత్రములలో బొమ్మ గోడకు గ్రుద్దుకొని అప్పడమువలె పలుచనగును, మరుక్షణమున దులుపుకొని నడచిపోవును. బొమ్మ చేయు ఆ పనిని మనుష్యుడు చేయవలసివచ్చినచో కష్టము. అతనికి దెబ్బ తగులును. తగిలిన దెబ్బను దాచికొని నవ్వును మాత్రమే ప్రేక్షకునకు అందింపవలెను. తెలుగు తెరమీద ఆ పనిని ఏండ్ల తరబడి చేసినవాడు రేలంగి వెంకట్రామయ్య.

రేలంగి 1910వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన గోదావరి మండలమున రావులపాలెము చెంత రావులపాడు గ్రామమున జన్మించెను. మూడేండ్ల ప్రాయముననే తల్లి గతించినది. తండ్రి హరికథలు చెప్పుచు, సంగీతము నేర్పుచు జీవించువాడు. హరికథకుడు తానొక్కడే రాజును, భటుడును, రాక్షసుడును కావలెను. ఒక మాటకును మరొక మాటకును నడుమ ముఖము మార్చవలెను. బడిలో దొరకని ఆ విద్య బాలునకు ఇంటనే కనబడుచుండెను. పెద్దవాడైన పిమ్మట కాకినాడలోని యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకసమాజమున చేరి స్త్రీవేషములు ధరించెను. ఎస్. వి. రంగారావు, అంజలీదేవి మొదలగువారును ఆ సమాజముననే నాటకములాడి వెలుగులోనికి వచ్చినవారు.

1935లో సి. పుల్లయ్య దర్శకత్వమున కలకత్తాలో తీసిన ‘శ్రీకృష్ణతులాభారము’ చిత్రమున రేలంగికి చిన్న వేషము లభించెను. సినిమాలో కాలు మోపితిమి, ఇక కీర్తి వచ్చినట్లే యని ఎవరైనను తలంతురు. కాని కీర్తి రాలేదు. పదేండ్లకు పైగా ఆయన పుల్లయ్యనే ఆశ్రయించి, నటులను సమకూర్చుట మొదలు చిత్రనిర్మాణమందలి నానావిధములైన పనులు చేయుచు, నడుమ నడుమ దొరకిన చిన్న వేషములతో తృప్తిపడెను. ఇతరుల ముఖములకు రంగు పూయుచుండగా చూచుచు, తన వంతుకై ఎదురుచూచుట నటునకు ఎంత కఠినమైన శిక్షయో వేరుగా చెప్పనక్కరలేదు. వయస్సు నలువదికి సమీపించుచుండెను. 1947లో ‘గొల్లభామ’, 1948లో ‘వింధ్యరాణి’, 1949లో ‘గుణసుందరికథ’ వచ్చినవి. అప్పటికి గాని తెలుగువారు ఆయన పేరు గుర్తుంచుకొనలేదు.

1951లో ‘పాతాళభైరవి’ విడుదలయ్యెను. అందు రాజుగారి బావమరదియై, రాజకుమార్తెను వలచిన వెఱ్ఱిబాగులవాడుగా రేలంగి నటించెను. తన పాటను తానే పాడుకొనెను. అది మొదలు ఆయన లేని చిత్రము అరుదయ్యెను. రేలంగిది బొద్దైన శరీరము, గుండ్రని ముఖము. ఆయనకు జతగా నెల్లూరు సీమకు చెందిన రమణారెడ్డి బక్కపలుచగా వెదురుబద్దవలె నిలుచువాడు. వారిద్దరు ప్రక్కప్రక్కన నిలుచుటయే చాలును, మాట లేకుండగనే నవ్వు పుట్టును. పాశ్చాత్యులకు లారెల్, హార్డీ అను జంట యెట్టిదో మనకు ఈ జంట అట్టిది.

1957లో కె. వి. రెడ్డి తీసిన ‘మాయాబజారు’లో దుర్యోధనుని కుమారుడైన లక్ష్మణకుమారుని వేషము రేలంగిది. చిత్రమందు ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చి పెండ్లిపీటలపై కూర్చుండును. సభలోనివారి కన్నులకు ఆమె సుకుమారియైన కన్య. పెండ్లికుమారునకు మాత్రము భయంకరరూపములు గోచరించును. కాలు త్రొక్కినప్పుడు ఆ బరువు కన్య బరువు కాదు. పాపము, లక్ష్మణకుమారుడు అదిరిపడి కేకవేయును. అందరును తిరిగి చూచుసరికి వధువు తలవంచుకొని కూర్చుండును. ఈ ఘట్టమున రేలంగి ముఖమును గమనింపవలెను. తన యందమునకు తానే మురిసిపోవు గర్వము, గుండె జారిపోవునంతటి భయము, నలుగురు చూచుచున్నారను సిగ్గు, ఈ మూడును ఒకదాని వెంట ఒకటి పరుగెత్తును. ఏ ఒక్కటి రెప్పపాటు ఆలస్యమైనను నవ్వు చెడును. చిత్రకారుడు బొమ్మకు వేయి గీతలు గీసి సాధించు వేగమును ఆయన కనుబొమలతో సాధించెను. కథానాయకుని కత్తిసాము కన్న ఇది సులభమని తలచువారు ఒకమారు అద్దము ముందు నిలిచి ప్రయత్నింపవచ్చును.

పల్నాటివారికి మరొక చిత్రమున ఒక ముచ్చట కలదు. 1961లో వచ్చిన ‘జగదేకవీరుని కథ’లో రేలంగి పాత్ర పేరు రెండుచింతలు. మాచర్లకును గురజాలకును నడుమ, మండు వేసవికి పేరుపడిన రెంటచింతల యున్నది. పేర్ల పోలిక కాకతాళీయమే కావచ్చును గాని, ఆ పేరు చెవినబడినచో పల్నాటి ప్రేక్షకునకు పొరుగూరివాడు తెరమీదికి వచ్చినట్లే తోచును.

రేలంగి సుమారు 300 చిత్రములలో నటించెను. 1960లో ‘సమాజము’ అను చిత్రమును స్వయముగా నిర్మించెను. తాడేపల్లిగూడెములో తన పేరిట సినిమాశాల కట్టించెను. ప్రజలు ఆయనను హాస్యనటచక్రవర్తి యని పిలిచిరి. 1970లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించెను. హాస్యగాని వేషమనగా చిన్నచూపు చూచు కాలమున అది ఆయన ఒక్కనికే గాక ఆ వృత్తికంతటికి జరిగిన గౌరవము.

బొమ్మకు లేని బాధ ఆయనను విడువలేదు. తుదిదినములలో తీవ్రమైన నడుమునొప్పి ఆయనను క్రుంగదీసెను. నవ్వుటకు తెరముందు చేరువారికి ఆ సంగతితో పని లేదు. తెరమీది రేలంగి ఎప్పటివలెనే ఎగిరి దూకుచుండెను. 1975వ సంవత్సరము నవంబరు 27వ తేదీన తాడేపల్లిగూడెమున ఆయన కన్నుమూసెను.

2010లో ‘మాయాబజారు’ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. నగలకు పసిడికాంతి, పట్టుబట్టలకు ఎఱుపుదనము వచ్చినవి. పెండ్లిపీటలమీద లక్ష్మణకుమారుని కేక మాత్రము 1957లో వినబడినట్లే వినబడెను.